అమ్మీ పాదాలు

మా ఇంట్లో రాత్రి రెండు గంటలప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించేది. పెరటి స్నానాలగదిలో బకెట్టులోకి నీరు పడుతున్న శబ్దం, తరువాత చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ నీరు. మేము ముగ్గురము, ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్ళము, నిద్రమత్తులోనే అది విని, అమ్మీ తహజ్జుద్ నమాజు కొరకు వుజూ చేస్తున్నదని అనుకునేవాళ్ళము. ఆ చప్పుడు వింటూ మళ్ళీ నిద్రపోవడంలో మాకొక ధైర్యం ఉండేది. అబ్బా లేని ఇంట్లో మా కొరకు ఎవరో మేలుకొని దుఆ చేస్తున్నారన్న ధైర్యం అది. మా చిన్నచెల్లెలు ఆ సంగతిని మదరసాలో గొప్పగా చెప్పుకున్నది కూడా. ఇరుగుపొరుగు స్త్రీలు తమ బిడ్డల పరీక్షల కొరకు, పెళ్ళిళ్ళ కొరకు దుఆ చేయమని అమ్మీని కోరేవారు.

2008వ సంవత్సరపు వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. చిన్నచెల్లెలు టార్చిలైటు పట్టుకొని పెరట్లోకి వెళ్ళింది. అమ్మీ పీట మీద కూర్చొని, రెండు పాదాలనూ చీలమండల వరకు బకెట్టు నీళ్ళలో ముంచి, గోడకు తల ఆనించి నిద్రపోతున్నది. చెంపల మీద కన్నీటి చారలు ఆరిపోయి ఉన్నాయి. మేము ఏడాదికి పైగా విన్న ఆ చప్పుడు వుజూది కాదు. మండిపోతున్న కాళ్ళను చల్లార్చుకుంటున్న చప్పుడు.

ఆమె తహజ్జుద్ చదవలేదని కాదు. ఎలాగూ మెలకువగానే ఉన్నాను గనుక చదువుకునేదానినని తరువాత ఎప్పుడో నవ్వుతూ చెప్పింది.

ఇది వ్రాయడానికి అమ్మీ అనుమతి తీసుకున్నాము. పేర్లు, ఊరు వ్రాయవద్దని మాత్రం అన్నది. గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణమని చెబితే చాలును.

అబ్బా 2005లో చనిపోయారు. ఆయన జబ్బు పేరు ఆసుపత్రి కాగితం మీద మూడు అక్షరాలుగా ఉన్నది. మరుసటి ఏడు అమ్మీకి క్షయ వచ్చింది. పరీక్ష చేస్తే ఆమె రక్తంలోనూ హెచ్ఐవీ ఉన్నట్లు తేలింది. మా ముగ్గురికీ లేదు, అల్ హమ్దులిల్లాహ్. అప్పటికి మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా హెచ్ఐవీ మందులు ఇవ్వడం ఆరంభించి రెండేళ్ళయింది. 2004 ఏప్రిల్ 1న మొదలైన ఆ పథకం లేకుంటే ఈ వ్యాసం ఒక అనాథల కథ అయ్యేది. జిల్లా కేంద్రంలోని ఏఆర్‌టీ కేంద్రంలో అమ్మీ పేరు నమోదైంది. క్షయ మందులు ఒకవైపు, ఈ మందులు మరొకవైపు. నెలనెలా తెల్లవారుజామున బస్సు ఎక్కి, సాయంత్రానికి సంచితో తిరిగి వచ్చేది.

ఊరికి ఏమి చెప్పాలి? అన్నకు అప్పుడు పదిహేడేళ్ళు. ఆ నిర్ణయం అతడే తీసుకున్నాడు. అమ్మీకి షుగరు అని చెబుదామన్నాడు. మేమంతా ఒప్పుకున్నాము. నెలనెలా ఆసుపత్రికి వెళ్ళడానికి, మనిషి చిక్కిపోవడానికి, మందుల సంచికి, అన్నిటికీ ఆ ఒక్క మాట సరిపోయింది. తరువాత కాళ్ళ మంటలు మొదలైనప్పుడు అదీ అందులో అమరిపోయింది. షుగరు ఉన్నవారికి కాళ్ళు మండుతాయని ఎవరికి తెలియదు?

అబద్ధానికి సుంకం చెల్లించక తప్పదు. మాకంటే ఎక్కువగా అమ్మీయే చెల్లించింది. ఫుఫ్ఫూ ప్రతి వారం కాకరకాయ రసం సీసాలో పోసి పంపేది, ఎవరైనా చూస్తుండగానే అమ్మీ దానిని త్రాగవలసి వచ్చేది. ఈద్ నాడు ఏ ఇంటికి వెళ్ళినా షీర్ ఖుర్మా గిన్నె ఆమె ముందు నుండి పక్కకు జరిగేది. "ఆమెకు వద్దమ్మా, షుగరు" అని మేమే అనేవాళ్ళము. షీర్ ఖుర్మా అంటే ప్రాణమైన మనిషి ఎన్నో ఈద్‌లు దాని వాసన మాత్రమే చూసింది. పైగా క్షయతో, హెచ్ఐవీతో చిక్కిపోయిన శరీరానికి పాలూ ఖర్జూరమూ కావలసిన రోజులవి.

ఆ అబద్ధం వైద్యం దారిని కూడా మూసివేసింది. మా వీధిలోని ఆర్ఎంపీ వైద్యుడు షుగరు కాళ్ళ మంటే కదా అని బలానికి సూదులు పొడిచాడు. నిజం తెలిసిన ఏఆర్‌టీ కేంద్రంలోనైనా అడగవచ్చు కదా అంటారేమో. అక్కడ అమ్మీ నోరు విప్పలేదు. వందమంది వరుసలో నిలబడి ఉంటారు, లోపల సీడీ4 సంఖ్య చూసి, పెరిగింది, బాగుంది అంటారు. అంత బాగున్నప్పుడు కాళ్ళ గురించి చెప్పడం కృతఘ్నత అనిపించేదట. మందు ఆపివేస్తారేమోనన్న భయం కూడా ఉండేదట.

ఇక మా సంగతి. ఈ భాగం వ్రాయడం కష్టంగానే ఉన్నది. మొదటి ఏడాది మేము అమ్మీ కంచం, గ్లాసు వేరుగా ఉంచాము. ఈ వ్యాధి కంచం వల్ల, గ్లాసు వల్ల, ఒకే పక్క మీద పడుకోవడం వల్ల రాదని కేంద్రంలోని కౌన్సిలరు చెప్పిన తరువాత కూడా కొన్ని నెలలు అలాగే నడిచింది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని మేము అంగీకారంగా తీసుకున్నాము.

నొప్పి విషయంలో అంతకంటే ఘోరంగా ప్రవర్తించాము. కాళ్ళు చూస్తే వాపు లేదు, ఎరుపు లేదు, గాయం లేదు. సన్నని నూలు దుప్పటి కప్పితే చాలు, విదిలించుకునేది. దుప్పటి అంచు వేళ్ళకు తగిలితే నిప్పుకణిక పెట్టినట్లు ఉందనేది. అదే మనిషి మరునాడు తన కాళ్ళు మొద్దుబారాయని, చెప్పు జారిపోయినా తెలియడం లేదని అనేది. రెండూ ఎలా నిజమవుతాయి? తగిలితే మంట అంటావు, తగిలినా తెలియదంటావు అని పెద్దచెల్లెలు ఒకసారి విసుక్కున్నది. అమ్మీ ఆ తరువాత మా దగ్గర కాళ్ళ ప్రసక్తి తేవడం మానివేసింది. ఆ మౌనానికి మేము సబర్ అని పేరు పెట్టాము. నలుగురిలో చెప్పుకొని గర్వపడ్డాము కూడా.

రెండూ నిజమేనని మాకు తెలిసింది 2010లో. కేంద్రానికి కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ సంఖ్యల కాగితం పక్కన పెట్టి, "రాత్రి నిద్ర పడుతున్నదా అమ్మా?" అని అడిగారట. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవారు లేరు. అమ్మీ ఏడ్చింది. పిల్లలను తీసుకొని రమ్మన్నారు. మరుసటి నెల అన్న, పెద్దచెల్లెలు వెంట వెళ్ళారు.

ఆ గదిలో జరిగినది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. అమ్మీని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకొమ్మన్నారు. చేపల గాలపు దారం వంటి ఒక నైలాన్ పోగును అరికాలి మీద ఒక్కొక్కచోట ఆనించి, తెలిస్తే చెప్పమన్నారు. అమ్మీ మాట్లాడలేదు. పోగు వంగేంతగా నొక్కినా మాట్లాడలేదు. తరువాత రెండు కొమ్ముల ఉక్కు పరికరాన్ని చేతికి కొట్టి మోగించి, దాని పిడిని కాలి బొటనవేలి ఎముక మీద ఉంచారు. అదరుతున్నదా అని అడిగారు. లేదన్నది. బల్లకు అవతల నిలబడిన మాకు దాని గుంయిమనే మోత వినిపిస్తున్నది, తన వేలి మీద ఉన్న ఆమెకు తెలియడం లేదు. అదే పరికరం మణికట్టు మీద పెట్టగానే తెలిసిందన్నది. చివరకు ఒక దూదిపింజతో పాదం మీద సున్నితంగా రాశారు. అమ్మీ కెవ్వుమని కాలు వెనక్కు లాక్కున్నది.

పెద్దచెల్లెలు గది బయటకు వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ మాకు విడమరచి చెప్పారు. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు నడుము దగ్గర వెన్ను నుండి కాలివేళ్ళ వరకు వెళ్ళేవి. ఇంచుమించు మీటరు పొడవు. ఆ చివరి కొసలకు ఆహారం, శక్తి అందడమే కష్టం. నరానికి ఏ హాని జరిగినా అది మొదట అక్కడే బయటపడుతుంది, అందుకే రెండు పాదాలకూ ఒకేసారి, మేజోడు తొడిగినట్లుగా వస్తుంది. ఆ తరువాత పిక్కలకు, ఇంకా ముదిరితే చేతివేళ్ళకు ప్రాకుతుంది. దెబ్బతిన్న నరం బయటి స్పర్శను సరిగా చేరవేయదు, అది మొద్దుబారడం. ఏమీ తగలకపోయినా తనంతట తానే తప్పుడు కబురు పంపుతుంది, అది మంట. తెగిన టెలిఫోను తీగ మాట వినిపించదు గానీ గరగరమంటూనే ఉంటుంది కదా అన్నారామె.

హాని ఎక్కడ నుండి వచ్చిందన్న దానికి జవాబు ఒక్కటి కాదు. హెచ్ఐవీ తానే నరాలను దెబ్బతీయగలదు. క్షయకు వాడే ఐసోనియాజిడ్ అనే మందు శరీరంలోని బి6 విటమిన్‌ను హరిస్తుంది, దానికి తోడుగా పిరిడాక్సిన్ మాత్ర ఇవ్వకపోతే నరాలు దెబ్బతింటాయి. అమ్మీకి ఆ చిన్న మాత్ర కొన్ని నెలలు అందింది, కొన్ని నెలలు అందలేదు. అన్నిటినీ మించినది స్టావుడిన్. ఆమె ప్రాణం నిలిపిన మూడు మందులలో అది ఒకటి.

ఇక్కడ కొంత ఆగి చెప్పవలసి ఉన్నది. ఈ శతాబ్దపు ఆరంభంలో హెచ్ఐవీ మందులకు పాశ్చాత్య దేశాలలో ఒక్కొక్క రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. 2001లో మన దేశానికి చెందిన యూసుఫ్ హమీద్, ఆయన సిప్లా సంస్థ, మూడు మందుల చికిత్సను రోజుకు ఒక డాలరు కంటే తక్కువకే ఇవ్వగలమని ప్రపంచానికి ప్రకటించారు. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ లక్షలాది పేదలకు చికిత్స అందడానికి దారి తెరిచిన ప్రకటన అది. అప్పటి చవక చికిత్సలో స్టావుడిన్ ఒక ముఖ్య భాగం. ఎవరు తయారు చేసినా ఆ మందు స్వభావం ఒక్కటే. వైరస్‌ను అణచివేస్తుంది, దానితో పాటు మన కణాలలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాను కూడా దెబ్బతీస్తుంది. పాదాలలోని నరాల కొసలు ఆకలితో మాడిపోతాయి. బుగ్గలలోని కొవ్వు కరిగి ముఖం పీక్కుపోతుంది. అమ్మీ బుగ్గలు అలా పీక్కుపోయినవే. ఈ సంగతి తెలిసినవారు ముఖం చూసే జబ్బును పోల్చుకునేవారని తరువాత విన్నాము. మా షుగరు కథను నిజంగా ఎందరు నమ్మారో అల్లాహ్‌కే ఎరుక.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను క్రమంగా మానివేయమని దేశాలకు సూచించింది. డాక్టరమ్మ దాని స్థానంలో జిడోవుడిన్ మార్చారు. రక్తహీనత కలుగుతుందేమోనని కొన్ని వారాలు రక్తపరీక్షలు చేశారు. ఆ రక్తపరీక్షలలోనే చక్కెర కూడా చూశారు. అమ్మీకి మధుమేహం లేదు. నాలుగేళ్ళుగా ఊరంతా చాటిన జబ్బు లేదని కాగితం మీద అధికారికంగా తేలింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అన్న ఆ కాగితాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదన్నాడు.

మందు మార్చగానే నొప్పి తగ్గలేదు. మొదటి కొన్ని వారాలు ఇంకా పెరిగింది. అలా జరగవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే మేము మళ్ళీ పాత మందే నయమనేవాళ్ళము. మూడు నాలుగు నెలలకు పిక్కల మంట తగ్గింది. పాదాలది సగం తగ్గి అక్కడే నిలిచిపోయింది. చనిపోయిన నరపు కొసలు అందరిలోనూ తిరిగి పెరగవు.

నొప్పికి ఇచ్చిన మాత్రల గురించి కూడా నిజమే వ్రాయాలి. ముందు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ ఇచ్చారు. నోరు ఎండిపోవడం, మత్తు. రెండు రోజులు ఫజర్ తప్పిపోయిందని అమ్మీ ఆ మాత్రను దిండు క్రింద దాచింది. ఇతర నరాల నొప్పులకు పనిచేసే ఆ మందు హెచ్ఐవీ వల్ల వచ్చే నరాల నొప్పిలో ఉత్తుత్తి మాత్ర కంటే మేలని పరిశోధనలలో తేలలేదని మాకు తరువాత తెలిసింది. గాబాపెంటిన్ ఆమెకు కొంత పనిచేసింది. మిరపకాయ ఘాటుకు మూలమైన క్యాప్సెయిసిన్‌ను అధిక మోతాదులో పట్టీగా చేసి, వైద్యుల సమక్షంలో పాదాలకు వేస్తే కొందరికి ఉపశమనం కలుగుతుందని డాక్టరమ్మ చెప్పారు. ఆ పట్టీ మాకు దొరకలేదు. గుంటూరు జిల్లావాళ్ళము, మిరపకాయలకు మాకేమి కొదువ అని అమ్మీ పరిహాసమాడింది. దయచేసి ఎవరూ ఇంట్లో కారం నూరి పూయవద్దు, మొద్దుబారిన చర్మం పుండు పడుతుంది.

మొద్దుబారిన పాదాలకు మంట కంటే ప్రమాదం తెలియకపోవడమే. మరుసటి డిసెంబరులో ఫజర్ వుజూకు వేడినీళ్ళు పెట్టుకొని, చేయి పెట్టి చూడకుండానే కాళ్ళ మీద పోసుకున్నది. పొక్కులు లేచాయి. ఆమెకు సాయంత్రం వరకు తెలియదు. ముసల్లా మీద తడి మరక చూసి చిన్నచెల్లెలు కనిపెట్టింది. మానడానికి నెలన్నర పట్టింది. అప్పటి నుండి నీటిని ముందు మోచేతితో చూడడం, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను, వేళ్ళ సందులను దీపం వెలుగులో పరిశీలించడం, ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోవడం నియమమయ్యాయి. చల్లని నీటిలో కాళ్ళు నాననివ్వడం కూడా పది నిమిషాలకు మించవద్దన్నారు. చర్మం మెత్తబడి చీలుతుందట. ఈ పరిశీలన మా ముగ్గురిలో ఎవరు ఇంట్లో ఉంటే వారి పని.

తల్లి పాదాలకూ స్వర్గానికీ మన ధర్మం కలిపిన సంబంధాన్ని జుమా ప్రసంగాలలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అమ్మీ అరికాళ్ళను మేము మొదటిసారి చేతుల్లోకి తీసుకొని చూసింది ఆ పొక్కుల తరువాతే.

నమాజు సమస్య వేరు. నిలబడడం కంటే ఖాయిదాలో కాళ్ళు మడిచి కూర్చోవడం, వేళ్ళు నేలకు ఆనడం ఆమెకు భరింపరానిదయ్యేది. కుర్చీ వేసుకొమ్మంటే ఒప్పుకోలేదు. సిగ్గుపడింది. అన్న మా మస్జిదు ఇమాము గారి దగ్గరకు వెళ్ళి, కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయి, కూర్చోలేకపోతున్నది అని మాత్రమే చెప్పాడు. ఏ జబ్బు వల్ల అని ఆయన అడగలేదు. దైవప్రవక్త (స) వారి సహచరులైన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడలేకపోతే కూర్చొని, అదీ చేతగాకపోతే పక్కకు ఒరిగి చదువుకోవడానికి లభించిన అనుమతిని గుర్తుచేశారు. కాళ్ళు చాపుకొనైనా, కుర్చీ మీదనైనా చదువుకోవచ్చని, ఆమె పుణ్యంలో లోటు ఉండదని చెప్పి పంపారు. ఆయన అడగని ఆ ప్రశ్నకు మేము ఇప్పటికీ ఆయనకు ఋణపడి ఉన్నాము.

ఎందుకంటే తక్కిన లోకం అడిగేది అదొక్కటే. ఎలా వచ్చింది? బంధువులు, ఆసుపత్రిలో చీటీలు వ్రాసేవారు, పెళ్ళి సంబంధాలు చూసేవారు, అందరూ ఎలా వచ్చిందనే అడిగారు. ఎలా ఉన్నది అని అడిగినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. మొదటి ప్రశ్నకు ఈ వ్యాసంలో జవాబు లేదు. అబ్బా లెక్క అల్లాహ్ దగ్గర ఉన్నది. మేము ఆయన మగ్‌ఫిరత్ కొరకు దుఆ చేస్తాము. రోగి అనుమతి లేకుండా ఆ మూడు అక్షరాలను ఇతరులకు వెల్లడించడం ఇప్పుడు చట్టవిరుద్ధం కూడా. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది.

సబర్ అనే మాటను మేము మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. వ్యాధిలో సహనానికి ఉదాహరణగా హజ్రత్ అయ్యూబ్ (అలై) పేరు మన ఇళ్ళలో చెప్పుకుంటాము. ఆయన తన ప్రభువును పిలిచి, తనకు బాధ కలిగిందని చెప్పుకున్నారన్న సంగతి కూడా దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. బాధను బాధ అని చెప్పడం వల్ల ఆయన సహనశీలుర జాబితా నుండి తొలగిపోలేదు. అమ్మీ అల్లాహ్‌తో చెప్పుకుంటూనే ఉండేదట, రాత్రి ఆ పీట మీద కూర్చొని. మాకు చెప్పలేకపోయింది. ఆమె మౌనంలో సబర్ ఎంతో, భయం ఎంతో మాకు తెలియదు. భయం మేము పెట్టినదే.

ఇప్పుడు అమ్మీకి రోజుకొక మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఆ ఒక్క మాత్రలోనే ఉంటాయి. రమజాన్‌లో ఇఫ్తార్ తరువాత వేసుకుంటే సరిపోతున్నది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉన్నది. ఇప్పుడు కొత్తగా చికిత్స మొదలుపెట్టేవారికి స్టావుడిన్ ఇవ్వరు. ఆ మందు తగిలిన తరం మాత్రం మన మధ్య ఇంకా ఉన్నది. వారిలో చాలామంది షుగరు అనో, వాతం అనో చెప్పుకుంటూ ఉండవచ్చు. ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళినప్పుడు సంఖ్యలు బాగున్నా సరే కాళ్ళ గురించి నోరు తెరిచి చెప్పండి. మందును మీ అంతట మీరు ఆపవద్దు.

మూడేళ్ళ క్రితం ఈద్‌కు వారం ముందు అమ్మీ మా ఖాలాను ఒంటరిగా కూర్చోబెట్టుకొని నిజం చెప్పింది. మేము తలుపు ఇవతల నిలబడి ఉన్నాము. ఖాలా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆపా, ఇన్నేళ్ళూ నా చేతి షీర్ ఖుర్మా ఊరికే మానుకున్నావా?" అన్నది. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో మాకు వినికిడిలో తెలియలేదు. ఆ ఈద్‌కు ఖాలా ఇంట్లో అమ్మీ రెండు గిన్నెలు తిన్నది.

అబ్బా తరఫువారికి ఇంకా చెప్పలేదు. ఫుఫ్ఫూ కాకరకాయ రసం ఇప్పటికీ వస్తూనే ఉన్నది. అమ్మీ త్రాగుతూనే ఉన్నది.

రాత్రి నీళ్ళ చప్పుడు ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు వినిపిస్తుంది. మాలో ఎవరో ఒకరము లేచి వెళతాము. పదింటిలో ఎంత అమ్మీ అని అడుగుతాము. డాక్టరమ్మ నేర్పిన లెక్క అది. నిన్న రాత్రి నాలుగు అన్నది.